281 అడుగుల నుంచి 45 అడుగులకి: లిలియన్ గిల్‌బ్రెత్ కథ

కొత్త ఇల్లు కడుతున్నప్పుడు వంటగదిలో గట్టు ఎంత ఎత్తుండాలో ఎవరు డిసైడ్ చేస్తారు? చాలా ఇళ్లల్లో మేస్త్రీ. కాస్త డబ్బులుంటే ఇంటీరియర్ డిజైనర్, లేదా మాడ్యులర్ కిచెన్ షోరూమ్‌లో ఉండే సేల్స్ అతను. రోజూ మూడు పూటలా ఆ గట్టు ముందు నిలబడే మనిషిని పిలిచి, ఆ మనిషి మోచెయ్యి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలిచేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

దాదాపు వందేళ్ల క్రితం అమెరికాలో ఒకావిడ సరిగ్గా ఈ పనే చేసింది. ఆమె ఆర్కిటెక్ట్ కాదు. వడ్రంగం రాదు. అసలు వంట కూడా అంతంతమాత్రమే. కాలేజీలో చదివింది ఇంగ్లిష్ లిటరేచర్, ఆ తర్వాత సైకాలజీ. అయినా ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ టెక్స్ట్‌బుక్‌లో మోషన్ స్టడీ చాప్టర్ తెరిస్తే ఆమె పేరు కనిపిస్తుంది. అమెరికా నేషనల్ అకాడెమీ ఆఫ్ ఇంజినీరింగ్‌లో చేరిన మొదటి మహిళ కూడా ఆమే. పేరు లిలియన్ గిల్‌బ్రెత్. మెకానికల్ వాళ్లకి ఈ పేరు ఎక్కడో తగిలే ఉంటుంది. మిగతా బ్రాంచ్‌ల వాళ్లు కూడా ఒకసారి తెలుసుకోవాల్సిన మనిషి.

చదువు కోసం మొదటి గొడవ

లిలియన్ మోలర్ 1878 మే 24న కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో పుట్టింది. బాగా ఉన్న కుటుంబం. తొమ్మిది మంది పిల్లల్లో ఆమే పెద్దది. అందుకని చిన్నప్పటినుంచీ తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ చూసుకోవడం ఆమె పనే అయింది. మహా సిగ్గరి. మొదట కొన్నేళ్లు స్కూలుకి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పించారు. ఇంట్లో పనివాళ్లు ఉండేవాళ్లు కాబట్టి వంటింటితో పెద్దగా పని పడలేదు.

స్కూలు అయిపోయాక కాలేజీకి వెళ్తానంటే నాన్న ఒప్పుకోలేదు. ఉద్యోగం చేసి బతకాల్సిన ఆడపిల్లలకే కాలేజీ, మనలాంటి ఇంట్లో అమ్మాయికి ఎందుకు అన్నది ఆయన లెక్క. ఈ మాట మనకి కొత్తేం కాదు. లిలియన్ గట్టిగా అరవలేదు గానీ వదల్లేదు. చివరికి ఇంట్లోనే ఉంటూ, దగ్గర్లోని బర్కిలీలో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి వెళ్లి వచ్చేలా ఒప్పందం కుదిరింది. 1900లో డిగ్రీ పూర్తయింది. ఆ ఏడాది పట్టాల పండుగలో స్టూడెంట్ల తరఫున మాట్లాడింది. ఆ యూనివర్సిటీ చరిత్రలో ఆ వేదిక మీద మాట్లాడిన మొదటి అమ్మాయి ఆమే. 1902లో మాస్టర్స్ కూడా అయింది.

1903లో యూరప్ టూర్‌కి బయల్దేరి, దారిలో బోస్టన్‌లో ఆగినప్పుడు ఫ్రాంక్ గిల్‌బ్రెత్ పరిచయమయ్యాడు. 1904 అక్టోబర్‌లో పెళ్లి జరిగింది. ఆ పెళ్లితో ఆమె లైఫ్‌లోకి ఇటుకలు వచ్చాయి.

ఇటుకల దగ్గర మొదలైన సైన్సు

ఫ్రాంక్ ఎంఐటీ ఎంట్రన్స్ పాసై కూడా కాలేజీకి వెళ్లలేదు. 17 ఏళ్లకే తాపీపనిలో అప్రెంటిస్‌గా చేరాడు. పని నేర్చుకుంటూ ఒక విషయం గమనించాడు. ఒకే పనిని ఒక్కో మేస్త్రీ ఒక్కో రకంగా చేస్తున్నాడు. అదే మేస్త్రీ మనకి నేర్పేటప్పుడు ఒకలా, స్పీడుగా కట్టేటప్పుడు ఇంకోలా చేస్తున్నాడు. వీటిలో ఏది కరెక్టు?

అన్నిటికన్నా పెద్ద వేస్టు ఎక్కడుందంటే వంగడంలో. ఇటుకలు కింద పడి ఉంటాయి. ప్రతి ఇటుకకీ మనిషి నడుము వంచి, ఇటుకతో పాటు తన సగం ఒంటి బరువు కూడా పైకి లేపుతున్నాడు. ఫ్రాంక్ ఒక పరంజా తయారుచేశాడు. గోడ లేచే కొద్దీ దాన్ని పైకి జరపొచ్చు. ఇటుకలూ మాలూ ఎప్పుడూ చేతికందే ఎత్తులో ఉంటాయి. ఇంకా ఇలాంటివే కొన్ని మార్పులు చేశాక, ఒక్కో ఇటుకకి పట్టే 18 కదలికలు సుమారు 5కి వచ్చాయి. ఎవర్నీ ఇంకా స్పీడుగా చెయ్యమని తరమలేదు. అక్కర్లేని కదలికలు తీసేశారు, అంతే.

ఈ పరంజాని గుర్తుపెట్టుకోండి. చాలా ఏళ్ల తర్వాత ఇదే ఐడియా వంటింట్లోకి వస్తుంది.

పెళ్లయ్యాక లిలియన్ లిటరేచర్ వదిలి సైకాలజీ వైపు వచ్చింది. ఫ్రాంక్‌కి కదలికలు కనిపించేవి. ఆ కదలికల వెనక ఉన్న మనిషి లిలియన్‌కి కనిపించేవాడు. మనిషి ఎందుకు అలసిపోతున్నాడు, ఎందుకు విసుగొస్తోంది, కొత్త పద్ధతి చెప్తే ఎందుకు వద్దంటున్నాడు, ఇవీ ఆమె ప్రశ్నలు. అప్పట్లో ఫ్రెడరిక్ టేలర్ స్టాప్‌వాచ్ పట్టుకుని ఫ్యాక్టరీల్లో ఫేమస్ అయ్యాడు. టేలర్ ముఖ్యంగా టైమ్ కొలిచేవాడు. గిల్‌బ్రెత్ దంపతులు కదలికని కొలిచారు, ఆ తర్వాత అలసటని పట్టించుకున్నారు. కెమెరాతో పనిని ఫిల్మ్ తీసి, ఆ ఫ్రేమ్‌లోనే ఒక ఫాస్ట్ గడియారం కనిపించేలా పెట్టి, ఒక్కో ఫ్రేమ్ చూసేవాళ్లు. చేతిపని మొత్తాన్నీ వెతకడం, పట్టుకోవడం, మోసుకెళ్లడం, వదలడం లాంటి చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టారు. ఆ ముక్కలకి తమ ఇంటిపేరునే దాదాపు తిరగేసి థెర్బ్లిగ్ అని పేరు పెట్టారు. సీఎస్‌ఈ వాళ్లకి చెప్పాలంటే, మనిషి చేతికి ఇన్‌స్ట్రక్షన్ సెట్ రాయడం అనమాట.

1921లో వీళ్లు మెకానికల్ ఇంజినీర్ల సొసైటీ ముందు ప్రాసెస్ చార్ట్ అనే పద్ధతిని పెట్టారు. ఒక పనిలో ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగుతోంది, ఎక్కడికి కదులుతోంది అన్నదంతా గుర్తులతో కాగితం మీద గీయడం. మనం ఫస్ట్ ఇయర్‌లో డబ్బాలూ బాణాలూ వేసి గీసిన ఫ్లోచార్ట్‌కి ఇది తాతగారు.

కానీ పేరు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోయేది. 1914లో లిలియన్ రాసిన మేనేజ్‌మెంట్ సైకాలజీ పుస్తకం వచ్చినప్పుడు, కవర్ మీద ఎల్. ఎం. గిల్‌బ్రెత్ అని మాత్రమే వేశారు. రాసింది ఆడమనిషి అని తెలిస్తే ఎవరూ కొనరని పబ్లిషర్ భయం. మరుసటి ఏడాది, 1915లో, బ్రౌన్ యూనివర్సిటీ నుంచి ఆమెకి పీహెచ్‌డీ వచ్చింది. అప్పటికే చేతిలో పిల్లలు, ఇంట్లో ఇంకొంతమంది పిల్లలు. మొత్తం పన్నెండు మందిని కన్నారు. అందులో మేరీ అనే పాప 1912లో డిఫ్తీరియాతో ఐదేళ్లకే చనిపోయింది. పదకొండు మంది పెరిగారు. ఆ ఇల్లే ఒక ల్యాబ్. ఎవరి పనులు వాళ్లు టిక్కు పెట్టుకునే చార్టులుండేవి, ఇంటి నిర్ణయాలకి పిల్లలతో మీటింగులుండేవి, బాత్‌రూమ్‌లో భాషలు నేర్పే గ్రామఫోన్ రికార్డులు మోగేవి.

1924 జూన్ 14

ఆ రోజు ఫ్రాంక్ న్యూజెర్సీలోని మాంట్‌క్లేర్ రైల్వే స్టేషన్ నుంచి ఇంటికి ఫోన్ చేశాడు. లిలియన్‌తో మాట్లాడుతుండగానే గుండె ఆగి అక్కడే కుప్పకూలిపోయాడు. వయసు 55. లిలియన్‌కి 46. పెద్దమ్మాయికి 18, చివరి పాపకి రెండేళ్లు.

ఇద్దరూ కలిసి యూరప్‌లో సదస్సులకి వెళ్లాల్సి ఉంది. కొద్ది రోజులకే లిలియన్ ఒక్కతే ఓడెక్కింది. ఫ్రాంక్ మాట్లాడాల్సిన చోట్ల తనే మాట్లాడి వచ్చింది. చదివితే గుండె రాయి అనిపించొచ్చు. కానీ ఆమె ముందున్న లెక్క చాలా సింపుల్. కంపెనీ పేరు గిల్‌బ్రెత్ ఇన్‌కార్పొరేటెడ్. అందులో మిగిలిన గిల్‌బ్రెత్ ఇక ఆమె ఒక్కతే. పదకొండు మందినీ కాలేజీ దాకా చదివించాలి. తిరిగొచ్చాక కూడా క్లయింట్లు ఉండాలంటే, ఈ పని తనకీ వచ్చని ఇప్పుడే చూపించాలి.

చూపించింది. అయినా క్లయింట్లు జారుకున్నారు. ఇరవై ఏళ్లు ఫ్రాంక్ పక్కన కూర్చుని సగం పని చేసిన మనిషే కదా అని ఎవరూ అనుకోలేదు. కాంట్రాక్టులు అయిపోతే మళ్లీ రెన్యూ చెయ్యలేదు. ఫ్యాక్టరీలో మగవాళ్ల పనికి సలహా చెప్పడానికి ఆడమనిషి ఏంటి అన్నది అప్పటి ఆలోచన. ఆమె ఇంట్లోనే మోషన్ స్టడీ క్లాసులు పెట్టి, కంపెనీల నుంచి వచ్చినవాళ్లకి నేర్పుతూ కొంతకాలం నెట్టుకొచ్చింది.

ఇక్కడే ఆమె దిశ మార్చింది. ఆడవాళ్లకి సంబంధించిన విషయం అంటే మాత్రం కంపెనీలు ఆడమనిషి మాట వింటాయని అర్థమైంది. మేసీస్ అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో సేల్స్ అమ్మాయిల పని మీద స్టడీ చేసింది. జాన్సన్ అండ్ జాన్సన్ కోసం శానిటరీ నాప్‌కిన్‌ల మీద రిపోర్ట్ రాసింది, అదీ వాడే ఆడవాళ్లనే అడిగి. ఆ తర్వాత వంటగది. మగవాళ్ల ఫ్యాక్టరీ గేటు మూస్తే, దేశంలో ప్రతి ఇంట్లోనూ ఒక ఫ్యాక్టరీ ఉందని ఆమె పట్టుకుంది. అక్కడ పనిచేసేవాళ్లకి జీతం లేదు, షిఫ్టు లేదు, వాళ్ల అలసటని కొలిచినవాడు లేడు.

వంట రానివాళ్లకి వంటగదితో ఏం పని?

ఇందులో తమాషా ఏంటంటే, గిల్‌బ్రెత్‌ల ఇంట్లో రోజువారీ వంట లిలియన్ చేసేది కాదు. పెట్టుకున్న మనిషి చేసేవాడు. ఆమెకి వచ్చిన వంటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ల ఇంటి వంటగది కూడా పాతకాలం నాటిదే. బయట మోడల్ కిచెన్‌లు గీస్తున్న మనిషి ఇంట్లో కిచెన్ అలా ఉండేదని పిల్లలే పెద్దయ్యాక సరదాగా రాశారు.

కానీ ఇదే ఆమెకి కలిసొచ్చిందని నాకనిపిస్తుంది. బాగా వంట వచ్చినవాళ్లు తమకి అలవాటైన పద్ధతే కరెక్టనుకుంటారు. లిలియన్‌కి అలాంటి అలవాటే లేదు. అందుకే చూసింది, అడిగింది, లెక్కపెట్టింది. జనరల్ ఎలక్ట్రిక్ కోసం పనిచేసినప్పుడు, స్టవ్, సింక్ ఏ ఎత్తులో ఉండాలో తేల్చడానికి 4,000 మందికి పైగా ఆడవాళ్లని ఇంటర్వ్యూ చేసిందని చెప్తారు. కాలితో తొక్కితే మూత తెరుచుకునే చెత్తడబ్బా, ఫ్రిజ్ తలుపు లోపల ఉండే అరలు, ఇలాంటివి కూడా ఆమె ఖాతాలోనే వేస్తారు. ఈసారి ఫ్రిజ్ తలుపులోంచి గుడ్డు తీసేటప్పుడు గుర్తు చేసుకోండి.

1929లో బ్రూక్లిన్ బరో గ్యాస్ కంపెనీ ఆమెతో ఒక మోడల్ వంటగది చేయించింది. ఆ కంపెనీ ప్రెసిడెంట్ కూడా ఒక మహిళే, మేరీ డిల్లన్. ఆ రోజుల్లో అది చాలా అరుదు. ఈ వంటగదికి కిచెన్ ప్రాక్టికల్ అని పేరు పెట్టారు. అందులో పెద్ద మెషీన్లేం లేవు. స్టవ్ పక్కనే గట్టు. గిన్నెలు స్టవ్ కింద. సరుకులు గట్టు పైన. ఫ్రిజ్ ఒక్క అడుగు దూరంలో. చక్రాల బల్ల ఒకటి, అవసరమైతే గట్టుకి కొనసాగింపుగా వాడుకోవచ్చు, లేదంటే సామాన్లన్నీ ఒకేసారి పెట్టుకుని తోసుకెళ్లొచ్చు. ఇటుకల పరంజా గుర్తుందా? ఇది అదే. కావాల్సింది చేతికందే ఎత్తులో, వాడే చోటే ఉండాలి.

తర్వాత దీన్ని టెస్ట్ చేశారు. స్ట్రాబెర్రీ షార్ట్‌కేక్ అనే స్వీటుని ముందు మామూలు వంటగదిలో, తర్వాత ఈ కొత్త అమరికలో చేయించారు. సామాను దాదాపు ఒకటే, తేడా అంతా ఏది ఎక్కడుందన్న దాంట్లోనే. మొదటి వంటగదిలో చెయ్యాల్సి వచ్చిన పనులు 97, రెండోదాంట్లో 64. నడిచిన అడుగులు మొదటిదాంట్లో 281, రెండోదాంట్లో 45. ఒక్క స్వీటుకే ఇంత తేడా. రోజుకి మూడు పూటలు, ఏడాదికి 365 రోజులు. మిగతా గుణకారం మీకొదిలేస్తున్నా.

టేపు, గుండుసూదులు, దారం

ఇక్కడిదాకా చదివి, గ్యాస్ కంపెనీ డబ్బుతో ఎక్స్‌పర్ట్ గీసిన వంటగది కదా, మనకేంటి అనుకోవచ్చు. లిలియన్ స్పెషల్ అయ్యేది ఇక్కడే. 1927లో ఇంటి పని మీద ఒక పుస్తకం రాసింది. అందులో ఆమె చెప్పేది ఇదిగో మంచి వంటగది, కాపీ కొట్టండి అని కాదు. మీ వంటగదిని మీరే స్టడీ చేసుకోండి అని, దానికి పద్ధతి ఇది అని.

ఆ పద్ధతి మన హాస్టల్ రూమ్‌లో కూడా చెయ్యొచ్చు. వంటగది ప్లాన్‌ని స్కేలు ప్రకారం కాగితం మీద గీసి అట్టకి అతికించాలి. ఒకళ్లు మామూలుగా వంట చేస్తుంటారు. ఇంకొకళ్లు చూస్తూ, వంట చేసే మనిషి ఆగిన, తిరిగిన ప్రతి చోటా ప్లాన్ మీద గుండుసూది గుచ్చుతారు. ఈ పనికి పిల్లల్ని కూడా పెట్టుకోవచ్చు. తర్వాత ఆ సూదుల మీదుగా, నడిచిన వరసలోనే దారం చుట్టాలి. చివర్లో దారం విప్పి కొలిస్తే ఎంత నడిచారో లెక్క దొరుకుతుంది. కొలవకముందే దారం చిక్కులు చూస్తే చాలు, తప్పెక్కడుందో కంటికి కనిపిస్తుంది.

మన ఇంటి టీని తీసుకుందాం. ఫ్రిజ్ హాల్లో, పాలు అందులో. గిన్నె సింక్ పక్క స్టాండ్‌లో. టీపొడి, పంచదార ఇంకో వైపు పై అరలో. వడకట్టేది ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. రెండు కప్పుల టీకి దారం ఎన్నిసార్లు హాల్లోకి వెళ్లి వస్తుందో చూడండి. ఇప్పుడు టీపొడి, పంచదార, గిన్నె, వడకట్టేది నాలుగూ స్టవ్ పక్కకి జరిపి మళ్లీ దారం చుట్టండి. డిజైనర్ ఫీజు సున్నా. పగలగొట్టిన గోడలు సున్నా.

గట్టు ఎత్తు విషయంలోనూ ఆమెది ఇదే వరస. అందరికీ ఒకటే ఎత్తు ఉండదు. అక్కడ పనిచేసే మనిషి ఎత్తుని బట్టి గట్టు ఉండాలి. నిటారుగా నిలబడి మోచెయ్యి వంచితే, గట్టు దానికన్నా కాస్త కిందుండాలి. మన దగ్గర ఇంకో మెలిక ఉంది. స్టవ్‌ని గట్టు మీద పెడతాం. దాని మీద కుక్కరో పెద్ద గిన్నో పెట్టేసరికి, కూరగాయలు తరగడానికి సరిపోయిన ఎత్తు గరిటె తిప్పడానికి ఎక్కువైపోతుంది. అందుకే పొట్టిగా ఉన్న అమ్మమ్మలు భుజాలు పైకెత్తి కలుపుతుంటారు. స్టవ్ పెట్టే చోట గట్టుని కాస్త దించి కట్టమని మేస్త్రీకి ముందే చెప్తే పోయేది. చెప్పాలంటే ముందు కొలవాలి.

సీఎస్‌ఈ భాషలో ఇది ప్రొఫైలింగ్. కోడ్ స్లోగా ఉందంటే ముందు ఎక్కడ స్లోగా ఉందో చూస్తాం, ఊరికే మొత్తం తిరగరాయం. వంటగది బాలేదనిపిస్తే మనం మాత్రం టైల్స్ మారుస్తాం.

సరే, మరి ఆ వంట ఎవరు చెయ్యాలి?

ఆ రోజుల్లో వంటగది మీద పనిచేసింది లిలియన్ ఒక్కతే కాదు. అమెరికాలోనే క్యాథరిన్ బీచర్ 1869లో, క్రిస్టీన్ ఫ్రెడరిక్ 1910ల్లో దీని మీద పుస్తకాలు రాశారు. జర్మనీలో 1926లో మార్గరెటె షుటె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్ డిజైన్ చేసింది. అది సుమారు 10,000 ఇళ్లల్లో కట్టారు. రైలు డైనింగ్ కారు వంటగదిలా చిన్నగా, పొందిగ్గా ఉండేది. కాకపోతే అది ఎక్స్‌పర్ట్ ఫిక్స్ చేసి ఇచ్చిన వంటగది. ఎవరు వచ్చి నిలబడినా అదే కొలత. లిలియన్ ఇచ్చింది కొలిచే పద్ధతి.

అయితే ఆమెని దేవతని చెయ్యాల్సిన పని లేదు. గ్యాస్ కంపెనీ, కరెంటు కంపెనీ ఆమెకి డబ్బులిచ్చింది స్టవ్‌లూ ఫ్రిజ్‌లూ అమ్ముకోవడానికే. వంటింట్లో అడుగులు తగ్గినా, ఆ వంటిల్లు ఆడవాళ్లదే అన్న మాట అలాగే ఉండిపోయింది. సామాన్లు పెరిగే కొద్దీ ఇల్లు ఇంకా శుభ్రంగా, వంట ఇంకా రకరకాలుగా ఉండాలన్న ఆశ కూడా పెరిగిందని, మిగిలిన టైమ్ మళ్లీ ఇంటి పనిలోకే పోయిందని తర్వాతి చరిత్రకారులు చూపించారు. ఈ విమర్శ న్యాయమైనదే.

కానీ దానికి ఇంకో వైపు ఉంది. ఇంటి పనిని ప్రేమ, బాధ్యత అని పొగిడి వదిలేసే కాలంలో, అది పని అనీ, దాన్ని అడుగుల్లో నిమిషాల్లో కొలవొచ్చనీ ఆమె కాగితం మీద పెట్టింది. కొలిచిన పనిని పంచొచ్చు. ఆమె సొంతింట్లో అబ్బాయిలూ అమ్మాయిలూ అందరి పేర్లూ చార్టులో ఉండేవి. 281 అన్న నంబర్ ఒకసారి కనిపించాక, అమ్మకి అలవాటేలే అని అనడం కష్టం.

కూర్చుని వండే వంటగది

ఆమె 1935లో పర్‌డ్యూ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయింది. అక్కడి ఇంజినీరింగ్ విభాగంలో మొదటి మహిళా ప్రొఫెసర్ ఆమే. ఇంజినీరింగ్ డిగ్రీ చదవని మనిషి ఇంజినీర్లకి పాఠం చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో, ఆ తర్వాత, ఆమె దృష్టి వైకల్యం ఉన్నవాళ్ల మీదకి వెళ్లింది. నిజానికి ఇది కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చేతులో కాళ్లో పోగొట్టుకున్న సైనికులు మళ్లీ పనిచేసుకునేలా పద్ధతులు వెతికే పని అప్పట్లోనే ఫ్రాంక్‌తో కలిసి చేసింది.

1940ల చివర్లో గుండెజబ్బు ఉన్న ఆడవాళ్ల కోసం హార్ట్ కిచెన్ అనే వంటగది వచ్చింది. దీని వెనక కూడా లిలియన్ పని ఉంది. కూర్చుని పనిచేసేలా గట్లు, సింక్ కింద మోకాళ్లు పెట్టుకునే ఖాళీ, వంగకుండా, పైకి సాగకుండా అందే అరలు. మామూలు మనిషికి 281 అడుగులు అంటే విసుగు. గుండెజబ్బు మనిషికి అదే 281 అంటే, తన ఇంట్లో తను వండుకోగలగడమా, జీవితాంతం ఇంకొకరి మీద ఆధారపడటమా అన్న ప్రశ్న. ఇటుకల దగ్గర మొదలైన పద్ధతి చేరిన చోట్లలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

1948లో ఇద్దరు పిల్లలు కలిసి ఆ ఇంటి అల్లరి మీద చీపర్ బై ది డజన్ అనే పుస్తకం రాశారు. 1950లో అది సినిమాగా వచ్చింది. దాంతో చాలామందికి లిలియన్ అంటే పన్నెండు మంది పిల్లల తల్లిగానే తెలిసింది. ఆ నవ్వుల్లో ఇంజినీరు కొంచెం వెనక్కి వెళ్లిపోయింది. ఇంజినీర్లు మాత్రం మర్చిపోలేదు. నేషనల్ అకాడెమీ ఆఫ్ ఇంజినీరింగ్‌లో చోటు, 1966లో హూవర్ మెడల్, లెక్కలేనన్ని గౌరవ డాక్టరేట్లు వచ్చాయి. 80లు దాటాక కూడా ఊళ్లు తిరుగుతూ లెక్చర్లిచ్చింది. 1972 జనవరి 2న ఆరిజోనాలోని ఫీనిక్స్‌లో చనిపోయింది. వయసు 93. 1984లో ఆమె బొమ్మతో అమెరికా పోస్టల్ స్టాంపు వచ్చింది.

ఈ సెమిస్టర్ సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యండి ఫ్రెండ్స్. ఒక పూట వంట జరుగుతున్నంతసేపూ వంటగది గుమ్మంలో స్టూల్ వేసుకుని కూర్చోండి. ఫోన్ పక్కన పెట్టి, కాగితం పెన్ను తీసుకుని, అడుగులు లెక్కపెట్టండి. ఎన్నిసార్లు వంగారో, ఎన్నిసార్లు మునివేళ్ల మీద లేచారో కూడా రాయండి. పొద్దుపోక వచ్చావా అని అడుగుతారు, పర్లేదు. తర్వాత ఆ కాగితాన్ని ఇంట్లో అందరి ముందూ పెట్టి, ఏ డబ్బా ఎక్కడికి జరగాలో, ఏ పని ఎవరి పేరు కిందకి జరగాలో రెండూ మాట్లాడండి. మీ ఇంటి నంబర్ ఎంత వచ్చిందో తర్వాతి సంచికకి రాసి పంపితే, మనం పక్కపక్కన పెట్టి చూద్దాం.